కాలి వేడి

ఆ రోజు కూడా గుర్రం ముందరి కాలు వేడిగా తగిలింది.

"నిజం చెప్పు బావా, నేను రాకముందే స్వారీ చేస్తున్నావు కదూ?"

"నీ మీదొట్టు మరదలా! నువ్వు చెప్పినట్టే తాడు పట్టుకుని నడిపిస్తున్నా, అంతే."

ఒట్లు వేయడంలో మా బావ దిట్ట. నేను నమ్మలేదు. కిందటేడు పోటీల్లో అడ్డుకర్ర దూకబోయి ఇద్దరూ పడ్డారు. గుర్రానికి కాలి లిగమెంటు తెగింది, బావకి నడుము ఎముక చిట్లింది. లిగమెంటు అతుక్కుందని నిన్నటి స్కానింగు చెప్పింది. కానీ దాని డాక్టరుగా నేను, ఈ వేడి తగ్గితేనే వచ్చే వారం పోటీలకి పంపుతానన్నాను. అంతవరకు ఆగే ఓపిక బావకి ఎక్కడిది?

లిగమెంటు మీద గట్టిగా నొక్కాను. నొప్పి ఉంటే కాలు లాక్కోవాలి. గుర్రం తాపీగా గడ్డి నములుతోంది.

"పొద్దున్నే మొదలెట్టారా తగువు?" అంటూ అక్క టీ గ్లాసు చేతికిచ్చింది.

తాగబోతుంటే, గుర్రం కాలు నొక్కిన నా వేళ్లనుంచి ఘాటైన వాసన వచ్చింది. అక్క రోజూ బావ నడుముకి రాసే మందు వాసన. అది రాస్తే రాసినచోట చర్మం వేడెక్కిపోతుంది.

తలెత్తి చూశాను. అక్క నా వేళ్లనే చూస్తోంది.

"మీ బావ నడుము ఇంకా అతుక్కోలేదే," అంది, నాకు మాత్రమే వినబడేలా.

"ఏం డాక్టరమ్మా, పంపొచ్చా?" గుర్రం అవతలనుంచి బావ అడిగాడు.

"ఇంకా వేడిగానే ఉంది బావా," అన్నాను, చెయ్యి వెనక్కి దాచుకుంటూ.