తీగ నేల తాకిన చోటు

"తలుపుకు గొళ్ళెం పెడ్తే వాడు లోపలికెట్ల వస్తడు?" అని రాజేశం భార్య లీల మూడో రాత్రి కూడా అడిగింది.

"సచ్చిపోయిండని పోలీసులు చెప్పిన్రు గదనే," అన్నాడు రాజేశం.

"చెప్పిన్రు. సూపెట్టిన్రా?"

కొడుకు శ్రీహరి రుద్రంగి అడవిలో అన్నలతో తిరిగేవాడు. రాజేశం గొళ్ళెం పెట్టుకొమ్మని, కోరుట్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజికి డ్యూటీకి వెళ్ళాడు.

రుద్రంగి లైనులో మళ్ళీ గరగర. తీగ ఎక్కడో నేలను తాకుతోంది. ఎక్స్ఛేంజి నుంచి ఎంత దూరంలో తాకుతోందో వీట్‌స్టోన్ బ్రిడ్జి అనే పరికరం చెబుతుంది. మీటలు తిప్పి ముల్లును సున్నా మీద నిలిపితే లెక్క తేలుతుంది. మొన్న ఇరవై కిలోమీటర్లు వచ్చింది. నిన్న పదకొండు. రెండుసార్లూ లైన్‌మన్ వెళ్ళి చూస్తే తీగ స్తంభం మీదే బిగుతుగా ఉంది.

ముల్లు సున్నా మీద నిలిచింది. లెక్క కట్టి, మళ్ళీ కట్టాడు. అర కిలోమీటరు. అక్కడున్నది తమ ఇంటి ముందరి స్తంభమే. గరగర ఆగిపోయింది.

డ్యూటీ దిగి వచ్చేసరికి లీల, రాజేశం తల్లి, కూతురు ముగ్గురూ మేలుకొనే ఉన్నారు. రాజేశం చెప్పులు విడిచి కూర్చున్నాడు.

"ఇయ్యాల్టి సంది గొళ్ళెం పెట్టేది లేదు," అన్నాడు మెల్లగా, అందరితో.