బెత్తెడు రెక్క

"ఇది కచ్చితంగా సర్వే విమానమే," అంటూ కళ్ళజోళ్ళ షాపాయన ఫోన్‌ని బల్ల మధ్యకి తోశాడు.

ముక్కలు అతికించి కట్టుకునే ప్లాస్టిక్ విమానాల కిట్లు చేసే కంపెనీ ఆ పొద్దున కొత్త కిట్ బొమ్మొకటి ఫోన్లలోకి వదిలింది. పేరు లేదు, తేదీ లేదు. నీడలో ఒక ఎడమ రెక్క అడుగుభాగం, దాని మీద గుండ్రటి చిన్న మూత, కింద 'త్వరలో' అని ఒక్క మాట. ఆ బెత్తెడు ముక్క పట్టుకుని ముగ్గురు పెద్దమనుషులు ఆదివారం పూట భోజనాలు కూడా మానుకుని కూర్చున్నారు. వీళ్ళ మాటకి ఇళ్ళలో విలువ లేదంటే వింతేమీ లేదు.

కూర్చున్నది కిట్లు అమ్మే దుకాణం వెనక గదిలో. ఆ ముగ్గురిలో మూడోవాడు మెకానిక్, దుకాణం అతని చెల్లెలిది. మెకానిక్ అంటే ఆషామాషీ మెకానిక్ కాదు, ఉద్యోగం మానేసేదాకా అసలు విమానాలు బిగించిన మనిషి. చెల్లెలి భర్త ఆ విమానాలు నడిపేవాడు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక ఉదయం బయల్దేరి, గాలిలో మలుపు తిరుగుతూ కూలిపోయాడు. పైలట్ తొందరపాటని రాసేసి విచారణ ముగించారు. అది ఏ రకం విమానమో ఈ గదిలో ఎవరూ అడగలేదు, మెకానిక్ చెప్పలేదు. ఆ ఏడాదే అతను ఉద్యోగం మానేశాడు. అప్పటినుంచి అతనికి సంతోషమూ లేదు, ఏడుపూ లేదు. పలకరిస్తే పలుకుతాడు, లేకపోతే రెక్కలకి గరుకు కాగితం రుద్దుకుంటూ కూర్చుంటాడు.

"మూత చూడండి," అన్నాడు ప్రెస్సాయన. జీవితమంతా అచ్చుతప్పులు ఏరిన కళ్ళు అతనివి. "స్క్రూలు లెక్కపెట్టండి. అయిదు. సర్వే విమానానికి ఆరుంటాయి, నా దగ్గర డ్రాయింగుంది. కాబట్టి ఇది శిక్షణ విమానం."

"ఒకటి మర్చిపోయుంటారు లెండి."

"ఆ కంపెనీ సంగతి మీకు తెలీదు. అసలుదాన్నో, దాని ఫొటోల్నో ముందు పెట్టుకుని చేస్తారు. దాంట్లో సొట్టుంటే సొట్ట కూడా చేస్తారు."

"అయితే అసలుదాంట్లోనే ఒకటి లేదేమో."

"స్క్రూ లేకుండా ఎవడు ఎగరనిస్తాడండీ. ఆ మూత వెనక విమానాన్ని మలుపు తిప్పే తీగలుంటాయి. ఎందుకీ వాదన, ఇక్కడే తెలిసినాయన ఉన్నాడుగా."

ఇద్దరూ మెకానిక్ వైపు తిరిగారు. అతను చొక్కా జేబులోంచి పాత రేకు పెట్టె తీశాడు. లోపల ఏదో గలగలమంది. కళ్ళజోడు తీసుకుని, పెట్టె వెంటనే మూసేసి మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"మళ్ళీ అదే చప్పుడు," అన్నాడు కళ్ళజోళ్ళాయన. "ఆ పెట్టె ఇటు పారెయ్యండి, కొత్తది ఊరికే ఇస్తానని ఎన్నిసార్లు చెప్పాను. నా దగ్గర కొన్న కళ్ళజోడు అందులో ఉంటే పరువు నాది పోతోంది."

"అలవాటైపోయింది."

మెకానిక్ ఫోన్‌ని చాలాసేపు చూశాడు. మొహంలో ఏమీ కదల్లేదు.

"సర్వే విమానానికి ఆరే," అన్నాడు చివరికి. "ఇది అది కాదు."

ప్రెస్సాయన మీసం దువ్వుకున్నాడు. కళ్ళజోళ్ళాయన మాత్రం పట్టువదల్లేదు. ఆ గదిలో ఒక చట్టం ఉంది. కొత్త కిట్ కబురు రాగానే తలా ఒక చీటీ రాసి ఖాళీ రంగుడబ్బాలో వెయ్యాలి, సరిగ్గా రాసినవాడు మొదటి పెట్టె విప్పాలి. అతను తన చీటీ మీద సర్వే విమానమనే రాశాడు. ముగ్గురి చీటీలూ డబ్బాలో పడ్డాయి. ఇళ్ళనుంచి నాలుగోసారి ఫోన్లు వచ్చాక ఇద్దరూ లేచి వెళ్ళారు.

చెల్లెలు టీ గ్లాసులు తియ్యడానికి వచ్చి, డబ్బా బోర్లించింది.

"నీ చీటీ ఖాళీగా ఉందేం అన్నయ్యా?"

"తెలిస్తే కదమ్మా రాయడానికి."

"నీకు తెలుసు. ఆ ముక్క చూడగానే గుర్తుపట్టుంటావు. నేనెక్కడ బాధపడతానోనని వాళ్ళని పక్కదారి పట్టించావు. అంతా వింటూనే ఉన్నాను."

ఆమె సొరుగులోంచి ఒక కవరు తీసి అతని ముందు పెట్టింది.

"ఆ కంపెనీకి ఫొటోలు పంపింది నేనే. ఆ రోజు పొద్దున నేను తీసినవి. ఇదిగో, బయల్దేరేముందు రెక్క కింద నిలబడి మీ బావ ఎలా నవ్వుతున్నారో చూడు. వీటిలో ఉన్నది ఉన్నట్టు దింపుతామని రాశారు. పెట్టె మీద ఆయన పేరు కూడా వేస్తారట."

అతను ఫొటో చూశాడు. నవ్వుతున్న మనిషిని కాదు, మనిషి తల పక్కన ఉన్న గుండ్రటి మూతని చూశాడు.

"ఇన్నేళ్ళూ తొందరపడి చచ్చిపోయినవాడి పెళ్ళాంగానే బతికాను," అంది చెల్లెలు. "ఒక్కచోటైనా ఆయన పేరు మంచిగా కనపడాలని నాకుండదా. తప్పు చేశానా?"

"లేదు. మంచి పని చేశావు." ఆ మాట అతని చెవికే ఎవరో అన్నట్టుగా వినిపించింది.

"చట్టం సంగతి కళ్ళజోళ్ళాయనకి నేను నచ్చజెప్తాను. మొదటి పెట్టె నువ్వే కట్టాలి. ఆ విమానాన్ని ఆఖరిసారి బిగించింది నీ చేతులే కదా అన్నయ్యా."

"అలాగే."

ఆమె గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. కొళాయి నీళ్ళ చప్పుడు వినపడింది. అతను ఫొటోని కవర్లో పెట్టేసి, కళ్ళజోడు తీసి, జేబులోని రేకు పెట్టె బయటికి లాగి తెరిచాడు.

పెట్టెలో ఆరో స్క్రూ గలగలమంది.