స్టిక్కరు చిరగకుండా

పైగది ఆయన సంచి సర్దుకుంటున్నాడు.

రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, చెవి మిషన్‌లో వేసే చిన్న బ్యాటరీల అట్ట, దారంతో కట్టిన కాగితాల కట్ట. అంతే సామాను.

ఇంటావిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. డెబ్బయ్యేళ్ళ మనిషి. ఎవరు సంచి సర్దుకున్నా ఆవిడ ఇలాగే వచ్చి నిలబడుతుంది. అద్దెకు దిగి రెండు నెలలు కూడా నిండని మనిషైనా సరే.

"ఎన్నాళ్ళు నాయనా?" అని గట్టిగా అడిగింది. ఆయనకు చెవుడు.

"పది రోజులు పెద్దమ్మగారూ. ఒకచోట సాక్ష్యం చెప్పాలి. చెప్పగానే వచ్చేస్తాను."

దేనికి సాక్ష్యమో ఆవిడ అడగలేదు. అడిగితే మళ్ళీ అరవాలి.

అంతలో, ఆయన ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషని తెలిసి, మనవరాలు లాప్‌టాప్ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. కొని పన్నెండు రోజులైంది. కాసేపు వాడితే చాలు, అడుగు పెనంలా కాలుతోంది. నిన్నటి నుంచి దానంతటదే ఆగిపోతోంది కూడా.

మర్నాడు సోమవారం. దాని మీదే మూడు గంటల పరీక్ష రాయాలి. గట్టెక్కితే మూడేళ్ళుగా ఎదురుచూస్తున్న ఉద్యోగం. మధ్యలో ఆగితే మళ్ళీ రాయనివ్వరు.

ఆయన దాన్ని బోర్లించి అరచేయి ఆనించాడు. కళ్ళు మూసుకుని, పసిబిడ్డకు జ్వరం చూస్తున్నట్టు కాసేపు అలాగే ఉండిపోయాడు.

"లోపల పేస్టు ఎండిపోయింది" అన్నాడు.

చిప్పుకీ, దాని వేడిని లాగే రాగి రేకుకీ మధ్య బూడిదరంగు ముద్ద ఒకటి పూస్తారట. అది ఎండితే వేడి బయటికి పోయే దారి ఉండదట. పాతది తుడిచి కొత్తది పూయడానికి అరగంట చాలట. బస్సుకు ఇంకా రెండు గంటలుంది, విప్పమంటారా అని అడిగాడు.

మనవరాలు తల ఊపబోయింది. అమ్మమ్మ దాన్ని ఆయన చేతుల్లోంచి లాక్కున్నంత పని చేసింది.

అడుగున ఒక మరమేకు మీద స్టిక్కరుంది. ఇది చిరిగితే వారంటీ లేదని దాని మీదే రాసి ఉంది. బడి మొహం చూడకుండా పొట్లం కాగితాల మీద చదువు నేర్చుకున్న ఆవిడకు అచ్చులో ఉన్న మాటంటే మహా గురి.

అమ్మిన షాపతనికి ఫోన్ చేశారు. కొత్తదానికి పేస్టు మార్చడమేమిటి, మూడేళ్ళ దాకా ఆ ఊసే అక్కర్లేదు, కింద ఏదైనా ఎత్తు పెట్టుకోండి అని అతను నవ్వేశాడు.

"కానీ అమ్మమ్మా, ఆగిపోతోందిగా" అంది మనవరాలు.

ఆవిడ గొంతు బాగా తగ్గించింది. "కొత్తవి విప్పి, లోపలివి కాజేసి, పాతవి బిగించేవాళ్ళుంటారే. సరిగ్గా ఊరెళ్ళే వేళకే ఈయనకు మన మీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చిందేం? కిందికి పద."

ఆయన కూర్చున్న చోటి నుంచి ఆవిడ ముఖంలోకే చూస్తున్నాడు.

"గొంతు తగ్గించక్కర్లేదు పెద్దమ్మగారూ" అన్నాడు నెమ్మదిగా. "ఫ్యాక్టరీ రొదలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ముప్ఫయ్యేళ్ళు పెదాలు చూసే మాట్లాడుకున్నాం."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన కోప్పడలేదు. మనవరాలి వైపు తిరిగాడు. "విప్పకపోతే మానె. పరీక్ష మాత్రం వేరేవాళ్ళది అడిగి రాయమ్మా. ఇది రెండో గంట దాటదు."

ఉక్రోషంతో అన్న మాట అనుకుంది అమ్మమ్మ. అలా అనుకుంటే మనసుకు కాస్త తేలికగా ఉంది.

బస్సు వేళకు ఆయన గేటు దాటాడు. ఆవిడ వీధి మలుపు దాకా చూస్తూ నిలబడింది. ఒక్కసారి వెనక్కి తిరిగితే చాలు, పెదాలు కదిపి 'తప్పయింది నాయనా' అనేది.

ఆయన తిరగలేదు.

పది రోజుల్లో వస్తాడుగా, అప్పుడే అనొచ్చనుకుంది.

సోమవారం లాప్‌టాప్ కింద రెండు ఇటుకలు పెట్టారు. పక్కన ఫ్యాను పెట్టారు. అమ్మమ్మ విసనకర్ర కూడా పట్టుకుని కూర్చుంది. రెండో గంట నిండడానికి నాలుగు నిమిషాలుందనగా తెర నల్లబడింది.

మనవరాలు ఏడవలేదు. సాయంత్రం దాకా ఆ కుర్చీలోంచి లేవనూ లేదు.

మంగళవారం ఇద్దరూ కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్ళారు. మెకానిక్ స్టిక్కరు చింపి, విప్పి, గోటితో గీకాడు. పొడి రాలింది. స్టిక్కరు చిరగకుండా తెచ్చారు కాబట్టి ఊరికే బాగుచేసిస్తామన్నాడు. ఆ మాటకు ఎవరూ సంతోషించలేదు.

"విప్పకుండానే చెప్పాడు బాబూ ఒకాయన" అంది అమ్మమ్మ. "అరచేయి ఆనించి."

మెకానిక్ చేతులు ఆగిపోయాయి. "ఆయనకు చెవి మిషన్ ఉంటుందా?"

ఉంటుందంది.

"ఇప్పుడెక్కడున్నారు?"

ఊరెళ్ళాడని, పది రోజుల్లో వస్తాడని చెప్పింది. మెకానిక్ మేనేజరు గది వైపు ఒకసారి చూశాడు. లాప్‌టాప్ మీదికి వంగి, పని చేస్తున్నట్టే చేస్తూ, ఆ మనిషెవరో చెప్పాడు.

ఇంటికి రాగానే ఆవిడ పైగది ఊడ్చింది. దుప్పటి ఉతికి ఆరేసింది. పదో రోజు పొద్దుటి నుంచి గేటు దగ్గర కుర్చీ వేసుకుంది. పదకొండో రోజూ వేసుకుంది. నెల దాటినా ఆ కుర్చీ లోపలికి తేలేదు.

ఈ పేస్టు నిలవదు, కొన్నవాళ్ళు మోసపోతారు, ఈ లాప్‌టాప్‌లకు సంతకం పెట్టనని ఉద్యోగం పోగొట్టుకున్న ఆ కంపెనీ ఫ్యాక్టరీ తనిఖీ అధికారి ఆయన. ఆ మాటే మరోసారి చెప్పడానికి జూన్ పద్నాలుగు, ఆదివారం పొద్దున వెళ్ళాడు, తిరిగి రాలేదు.