తాగని బొండాం

జీడి, కొబ్బరి కలిసిన తోట మీద ఏదో జుమ్మంటూ ఎగిరింది.

కాంతమ్మ జీడిపిక్కలు ఏరడం ఆపి తలెత్తింది. తుమ్మెద కాదు. తుమ్మెదకి నాలుగు ఫ్యాన్లు ఉండవు.

గట్టు మీద చెట్టు నీడలో ఒకమ్మాయి కూర్చుని ఉంది. జీన్ ప్యాంటు, చేతిలో రిమోట్. అంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా. ఒళ్ళు నల్లబడుతుందని భయం కాబోలు అనుకుంది కాంతమ్మ.

"ఎవులమ్మా నువ్వు? మా తోటలో ఏటి సేత్తన్నావు?"

"నా పేరు సుప్రజ అండీ. ఫొటోలు తీస్తుంటాను. మీ కొబ్బరి తోట అయిపోయి సముద్రం మొదలయ్యే చోటు పైనుంచి తీయాలని ఎన్నాళ్ళ నుంచో ఆశ. ఇప్పుడు ఎండ నడినెత్తిన ఉంది, బాగా రాదు. రేపు పొద్దున్నే వచ్చి తీసుకోనా?"

అడిగిన తీరుకి కాంతమ్మ మెత్తబడింది. వంగి రిమోట్ మీది తెరలోకి చూసింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆ తోటని కింద నుంచే చూసింది. పైనుంచి చూస్తే కొబ్బరి తలలన్నీ వాకిట్లో ముగ్గు పెట్టినట్టున్నాయి.

"ఓలమ్మ! ఇది మా తోటే?"

"మీదే."

కాంతమ్మ సంబరం పట్టలేకపోయింది. గబగబా వెళ్ళి ఒక లేత బొండాం కొట్టుకొచ్చింది. ఉద్దానంలో తోటలోకి వచ్చిన మనిషిని బొండాం తాగించకుండా పంపరు. పగవాడైనా సరే.

"తాగమ్మా."

"వద్దండీ."

"మొగమాటమేటి? తాగీ."

"నిజంగా వద్దు."

"పోనీ, మంచినీల్లు?"

"దాహం లేదండీ."

పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. దాహం లేదట!

కాంతమ్మ ముఖం మాడిపోయింది. ఇలాంటివాళ్ళని చాలామందినే చూసింది. కిడ్నీ జబ్బుతో ఉద్దానం పేరు పేపర్లకెక్కిన దగ్గర్నుంచీ కార్లేసుకుని వస్తారు. మంచాన పడ్డవాళ్ళని వీడియోలు తీసుకుంటారు. తమ సీసాల్లో నీళ్ళు తామే తాగి పోతారు. ఇంట్లో ఆమె తమ్ముడు సన్యాసి కాళ్ళు వాచి పడి ఉన్నాడు. పలాసలో డయాలసిస్ బెడ్ కోసం పేరు రాయించి ఎదురుచూస్తున్నారు. అంతవరకూ బస్సెక్కి శ్రీకాకుళం పోయి రావడమే. వచ్చేసరికి మనిషి పీనుగైపోతున్నాడు.

"మా నీల్లు తాగితే సచ్చిపోతావేటి?"

సుప్రజ ఏదో చెప్పబోయింది. తెరలో కనిపిస్తున్న పచ్చదనం వంక ఒకసారి చూసుకుని మానేసింది.

"అలా అనుకోకండి..."

"ఇంకెలాగనుకోను? మా నీల్లు పనికిరావు గానీ మా తోట కావాలేటి? తీసీ నీ ఈగని. మల్లీ ఇటేపు వచ్చిందంటే దోటీతో కొట్టేత్తాను."

"ఒక్క ఫొటో అమ్మా. ఇదొక్కటే మిగిలింది."

"ఎలిపో."

డ్రోన్ దిగింది. సుప్రజ దాన్ని సంచిలో పెట్టుకుని, చెట్టు పట్టుకుని లేచింది. ఇసకలో నాలుగడుగులు వేసి ఆగింది. మళ్ళీ నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి చూడలేదు.

'కార్లలో తిరిగే ఒంటికి సత్తువెక్కడుంటాది' అని కాంతమ్మ మూతి తిప్పుకుంది. కొట్టిన బొండాం చెట్టు మొదట్లో పారబోసింది. అప్పటికీ కోపం తీరలేదు.

వానలు మొదలయ్యాక పలాస నుంచి ఫోన్ వచ్చింది. బెడ్ ఖాళీ అయింది, సన్యాసిని తీసుకురమ్మన్నారు. కాంతమ్మ ఊరి అమ్మవారికి కొబ్బరికాయ కొట్టింది. ఆ బెడ్లు ఎలా ఖాళీ అవుతాయో ఉద్దానంలో అందరికీ తెలుసు. ఎవరూ అడగరు.

ఆసుపత్రిలో సన్యాసిని పడుకోబెట్టి, మిషన్ పెట్టి, నర్సు పావని జాగ్రత్తలు చెప్పింది.

"నీళ్ళు కొలిచి ఇవ్వాలి. కొబ్బరి నీళ్ళు అసలు ముట్టనివ్వకండి."

"తెలుసు తల్లీ. ఉద్దానంలో పుట్టినోల్లకి నువ్వు సెప్పాలేటి?"

సన్యాసి ఎదురు గోడ వంక చూస్తున్నాడు. చాలా రోజుల తర్వాత అతని ముఖంలో నవ్వు కనిపించింది.

"అక్కా, అటు సూడే."

గోడ నిండా ఫొటోలు. నౌపడ ఉప్పు మడులు. సోంపేట బీల చిత్తడిలో కొంగలు. వల లాగుతున్న జాలర్లు. అన్నీ పైనుంచి తీసినవే.

"ఎవులు తీసినారమ్మా?"

"సుప్రజక్క. టెక్కలి ఆవిడది. పడుకున్నవాళ్ళకి గంటల తరబడి ఈ గోడ తప్ప ఇంకేం కనిపిస్తుందని తనే తెచ్చి తగిలించింది. మొదట్లో ఫోన్‌తో ఆ కిటికీలోంచే తీసేదండి. కాకులు, వాన, ఎదురు మేడ మీద ఆరేసిన బట్టలు. తర్వాత కెమెరా కొంది. ఇసకలో నడవడం కష్టమని డ్రోన్ తెచ్చుకుంది. తోడొచ్చేవాళ్ళు లేరు. ఎక్కడికైనా ఒక్కతే."

చివర ఒక మేకు ఖాళీగా ఉంది.

"అదేటి, అలా వదిలేసినారు?"

"అక్కడ కొబ్బరి తోట, సముద్రం కలిసే ఫొటో పెడతానంది. తోట వాళ్ళు తీయనివ్వలేదట."

కాంతమ్మకి తల కొట్టేసినట్టయింది.

"ఆ తోట మాదే తల్లీ. నానే కోపంలో తరిమేసినాను. రేపే రమ్మను. ఎన్ని కావాలంటే అన్ని తీసుకోమను. నాను పక్కనుండి తీయిత్తాను. ఏటీ తాగమని ఇంక బలవంతం సెయ్యను."

పావని సన్యాసి తల కింద దిండు సర్దింది.

"మీ తమ్ముడికి ఇచ్చింది సుప్రజక్క బెడ్డేనండి."