తుంటరి

"మోకాళ్ళ నొప్పులకు ఇక్కడ మందు దొరకదండీ!"

ల్యాబ్ తలుపు తీయకుండానే, అద్దం వెనకనుంచి గట్టిగా చెప్పింది శాస్త్రవేత్త.

బయట బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ కంగారుగా లేచింది.

"మోకాళ్ళ కోసం కాదమ్మా. మీరు పెంచుతున్న కణాల్ని ఒక్కసారి చూసి పోదామని..."

శాస్త్రవేత్తకు ఒళ్ళు మండింది. పేపర్లో మూలకణాల గురించి నాలుగు ముక్కలు పడితే చాలు, పోయిన చూపు తెప్పించమనేవాళ్ళు, ఊడిన జుట్టు మొలిపించమనేవాళ్ళు తలుపు ముందు తయారు. ఇన్నాళ్ళూ వాళ్ళను నవ్వుతూనే సాగనంపేది.

ఇవాళ నవ్వు రాలేదు. ఇవాళ ల్యాబ్ మూసేస్తున్నారు.

జుట్టంతా నల్లగా ఉన్న రోజుల్లో చేరిందిక్కడ. కణాలకు ఆదివారాలుండవు. పండగైనా, జ్వరమైనా వచ్చి వాటికి మేత మార్చాల్సిందే. సొంత చెల్లెలి పెళ్ళిలో భోజనానికి కూడా ఆగకుండా పరిగెత్తుకొచ్చింది.

"నీ పిల్లలంతా అక్కడే ఉన్నారుగా, ఇంటికి రావడం దేనికి?" అని భర్త ఏడిపించేవాడు. కొన్నాళ్ళకు ఏడిపించడం కూడా మానేశాడు.

ఇంతా చేస్తే గుండెజబ్బుకు మందు తయారు కాలేదు. పైవాళ్ళు "ఫలితం లేదు" అని ఒక్క మాటలో తేల్చేశారు. నిన్ననే ఫ్రీజర్లు ఖాళీ చేయించారు. తన బతుకంతా దేనికీ పనికిరాకుండా పోయిందని ఆమెకు అర్థమైపోయింది.

ఇక మిగిలింది ఒక్క గాజుగిన్నె.

ఎవరో రోగి చర్మం నుంచి చిటికెడు తీసి పంపితే, ఆ కణాల్ని నెలల తరబడి బుజ్జగించి గుండెకణాలుగా మార్చింది. ఎవరి చర్మమో ఆసుపత్రి డాక్టరుకు తప్ప ఎవరికీ తెలియకూడదన్నది రూలు. ల్యాబ్‌కు వచ్చింది ఒట్టి నంబరే. నంబరుతో పిలవబుద్ధి కాక ఆమె 'తుంటరి' అని పేరు పెట్టుకుంది. గబగబా రెండుసార్లు కొట్టుకుని, కాసేపు అలిగినట్టు ఆగి, మళ్ళీ మొదలెట్టేవి మరి.

తలుపు మీద మెల్లగా చప్పుడైంది.

"వాటికేం ఇబ్బంది లేదు కదమ్మా?"

"వాటికేం, మహారాజుల్లా ఉన్నాయి. ఇబ్బందులన్నీ నాకే!"

"డాక్టరుగారు మీకు ఫోన్ చేస్తానన్నారు..."

"ఏ డాక్టరు చెప్పినా ఇంతే. ఇవేమైనా చూసే బొమ్మలా? వెళ్ళండమ్మా, నన్ను విసిగించకండి."

తెలిసినవాళ్ళ ఓదార్పు మాటలు వినలేక శాస్త్రవేత్త పొద్దున్నే ఫోన్ కట్టేసింది.

ప్రాణమున్నదేదీ లోపల మిగలకుండా చూసి తాళం అప్పగించాలని ఆర్డరు. ఆఖరిసారి మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. తుంటరి కొట్టుకుంటూనే ఉంది.

బ్లీచు పోసింది.

ఒకసారి అదిరి, ఆగిపోయింది. మళ్ళీ మొదలెడుతుందేమోనని అలవాటుగా ఎదురుచూసింది. మొదలెట్టలేదు. బల్లమీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

ముఖం కడుక్కుని బయటికొచ్చి తాళం వేసింది. పెద్దావిడ ఇంకా బెంచీ మీదే ఉంది. పాపం, ఊరికే కసురుకున్నాననిపించి, ఆ డాక్టరు ఏమంటారో విందామని ఫోన్ ఆన్ చేసింది.

వెంటనే మోగింది. ఆసుపత్రి డాక్టరు.

"పొద్దున్నుంచీ చేస్తున్నానమ్మా! ఒక పెద్దావిడ వచ్చారా? 'మీరెవరో అక్కడ చెప్పొద్దు, నేనే మాట్లాడతాను' అని ఆవిడకు చెప్పి పంపించాను. రూలు సంగతి నేను చూసుకుంటా. ఆ గిన్నె ఒక్కసారి చూపించి పంపు."

శాస్త్రవేత్త తాళం వేసిన తలుపు వైపు చూసింది. చేతికింకా బ్లీచు వాసన వస్తోంది.

పెద్దావిడ కళ్ళజోడు తీసి, శుభ్రంగా తుడిచి పెట్టుకుని, ఆశగా దగ్గరికొచ్చింది.

"డాక్టరుగారేనా అమ్మా? మా అబ్బాయి పోయి ఏడాదైనా వాడి గుండె మీ దగ్గర కొట్టుకుంటూనే ఉందటగా, ఒక్కసారి చూపించరూ?"