మోషన్ అయిందా?

రోజూ పొద్దున్నే నర్సు మంచాల వరసలో అడుగుతూ వచ్చేది, మోషన్ అయిందా అని. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్న దర్జీ తాత, పక్కన స్టూలు మీద కూర్చున్న భార్య వైపు చూడకుండా, అయిందనేవాడు.

అబద్ధం. నొప్పి మాత్రలకు కడుపు బిగుసుకుపోయింది. బెడ్‌పాన్ పెడతానని ఆవిడ లేస్తే, అదేం వద్దు, ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పట్టుకురమ్మని పంపేసేవాడు. ఆవిడ తిరిగొచ్చేలోపు తల దువ్వుకుని, చొక్కా గుండీలు సరిచేసుకునేవాడు.

అన్నం సహించడం మానేసింది. పొట్ట ఉబ్బింది. ఆపైన కొద్దికొద్దిగా నీళ్ళలా కారి పక్కబట్టలు తడిశాయి. ఆయన దుప్పటి గట్టిగా పట్టుకుని ఆవిణ్ణి దగ్గరికి రానివ్వలేదు. వాసనకు విరేచనాలే అనుకుని, ఎవర్నీ అడక్కుండా, ఆవిడ కింద మందుల షాపులో అవి కట్టే మాత్ర కొనితెచ్చి వేసింది.

సాయంత్రానికి మూత్రం బందయింది. మాట తడబడింది. ఆవిడ నుదురు తడిమితే, "ఎవరండీ మీరు?" అన్నాడు.

డాక్టరు వచ్చి పరీక్ష చేశాడు. మలం లోపల రాయిలా గడ్డకట్టిందనీ, కారింది దాని పక్కనుంచి జారిన నీరేననీ, ఇంకాస్త ఆలస్యమైతే పేగుకు చిల్లు పడేదనీ చెప్పాడు.

నర్సు తెర లాగింది. మూత్రానికి గొట్టం వేసింది. గ్లవ్స్ తొడుక్కుని కొంచెం కొంచెంగా తీసి, ఎనిమా ఇచ్చింది. అంతసేపూ తాత గోడవైపు తిరిగి కళ్ళు మూసుకునే ఉన్నాడు.

మర్నాటికి పొట్ట దిగింది, మనిషి తేటపడ్డాడు. నర్సు కోపం మాత్రం దిగలేదు. ఈ మలబద్ధకం ఎప్పట్నుంచి, ఏ మందులు పడవు అని ఆవిణ్ణి అడిగితే అన్నిటికీ తెలీదనే అంది.

"కట్టుకున్నవాడి కడుపు సంగతి తెలీదా అమ్మా మీకు?"

ఆవిడ తలొంచుకుని, ఫ్లాస్కు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

నర్సు మంచం దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మాతో చెప్పడానికి మొహమాటం, సరే. ఆవిడకైనా చెప్పాలి కదా తాతగారూ. ప్రాణం మీదికొచ్చింది. ఇన్నేళ్ళు కాపురం చేశాక ఇంకా సిగ్గేమిటి?"

తాత దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. లోపల్నుంచి చిన్నగా మాట వినిపించింది.

"మా పెళ్ళయి ఇంకా నెల తిరగలేదమ్మా."