నెమ్మది కరెంటు

ఫ్యాను ఐదు మీద తిరగాలని రామ్‌రావు, రెండు మీద చాలని ఆయన భార్య విమలాదేవి. ఐదు మీద పెడితే పళ్లెంలో జొన్నరొట్టె అప్పడమైపోతుందని ఆమె గోల. ఆయన లేచి రెగ్యులేటరు తిప్పాడు. ఆమె లేచి మళ్లీ తగ్గించింది.

"కోడలి గాలి తగిలింది నీకు. ఈ ఇంట్ల ఇగ అన్నీ నెమ్మదే," అన్నాడు రామ్‌రావు.

కోడలు రష్మి పప్పుగిన్నె తెచ్చి పెట్టి, విననట్టే వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆమె ఇంజనీరు. బగ్దల్ దగ్గరి సోలారు ప్లాంటు నుంచి చిద్రి దాకా ఆమె సంస్థ ప్రయోగానికని చిన్న లైను వేసింది. ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగితే, అందులోది పదహారుసార్లే ఊగుతుంది. అలా నిదానంగా ఊగే కరెంటును అవే తీగల మీద ఇంకా దూరం, ఇంకా ఎక్కువగా పంపవచ్చనీ, చివర్లో యంత్రం దాన్ని మామూలు కరెంటుగా మారుస్తుందనీ ఆమె మామగారికి ఓపిగ్గా చెప్పింది. ఎద్దులబండికి రైలు కూత పెట్టినట్టుందని ఆయన నవ్వాడు. అంతటితో ఆగక, చిద్రిలో తన పప్పుమిల్లుకొచ్చిన ప్రతివాడికీ వెనకవైపు పోయే ఆ లైను చూపించి, మా కోడలు కరెంటుకు జోకొడుతోందని చెప్పి నవ్వించేవాడు.

వర్తకుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. మర్నాడు ఆ లైను గురించి అధికారుల సమావేశం. సంఘం వద్దంటే లైను పీకేస్తారు, దాంతో పెళ్లికి ముందు నుంచీ రష్మి పడ్డ కష్టమంతా పోతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు. అందుకే ఆ పూట ఆకలి బాగా వేసింది.

అందరూ భోజనానికి కూర్చున్నాక కొడుకు విజయేందర్, పరీక్షించకుండా ఒక పనిని పనికిరాదనడం బాగుండదని మెల్లగా అన్నాడు.

రామ్‌రావు రొట్టె తుంచడం ఆపాడు.

"నేను చూడకుంట మాట్లాడే మనిషినారా? నా మిల్లు మోటరు ఆ కరెంటు మీద గంట సుత నడ్వలే. ముసలోని లెక్క మూలిగింది, కాగింది, కాలింది. గిదాన్ని తీస్కపోయి హైదరాబాదుల దీపాలు పెడ్తరంట."

విజయేందర్ తల వంచుకున్నాడు. విమలాదేవి కోడలి వైపు జాలిగా చూసింది. ఈ మాట రేపు సమావేశంలో కూడా చెబుతారా అని రష్మి అడిగింది.

"ఎందుకు చెప్ప? కాలిన మోటరు ఆటోల ఏస్కపోయి ఆఫీసర్ల ముంగట పెడ్త. సంఘమోళ్లందరు నా ఎనక ఉన్నరు. రేపటితోని ఆ లైను ఖతం. ఇదే నా ఫైసలా."

రష్మి ఆయన పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది.

"ఆ లైను నుంచి ఇంతవరకు ఎవ్వలకీ కనెక్షన్ ఇయ్యలే, మామయ్యా."